ఫ్రిజ్‌లో నీ గోంగూర గింజలు

అమ్మా, నా కోడిగీతలకీ తప్పులకీ ఏమీ అనుకోకు. నువ్వు పోయిన ఐదేళ్లకి నీ గోంగూర విత్తనాలు ఇక్కడ అమెరికాలో, మా క్యారీ ఊళ్లో ఇంటి పెరట్లో మొలిచాయి. నువ్విచ్చినప్పుడే, నువ్వు చెప్పినట్టే నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, ఫిల్ము డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో దాచాను. పొద్దుటి పొగమంచులో ఆకులు ఊగుతుంటే నువ్వే వంగి కోస్తున్నట్టుండేది.

నిన్న పక్కింటావిడ కంచె మీంచి చూసి, "గంజాయా?" అంది. ఇంగ్లీషులో ఏం చెప్పాలో తెలీక, మొహమాటానికి నవ్వి అవునన్నట్టు తలూపాను. సాయంత్రం ఆవిడ మా ఆయన్నీ అదే అడిగింది.

"పోలీసులొస్తే గోంగూరంటే ఎవరు నమ్ముతారే? అన్నీ పీకెయ్. గింజలు కూడా పారెయ్" అన్నారు.

మొక్కలు పీకేశాను. డబ్బాలో మిగిలిన గింజలు పారెయ్యలేకపోయాను. నీ చేతివి అవే ఆఖరివి. వెన్న వెనక దాచాను.

ఇది నీకు చేరదని తెలుసు. చేరితే మాత్రం చదివి కాల్చెయ్యమ్మా. నేను తలూపానని ఆయనకి తెలీదు.