పసుపు చీటీ పెట్టెల నీళ్ళు

ప్రియమైన పిచ్చుకకి,

ఫోనులో చెబితే సగంలోనే నవ్వేస్తావు, అందుకని రాస్తున్నాను. దగ్గు తగ్గిందా? కిటికీ పక్కన పడుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?

మీ ఆఫీసు మందు పరీక్షకని మా ల్యాబు ఎలుకల గదికి వచ్చి పదకొండు వారాలయింది. నాకు పసుపు చీటీ అంటించిన పెట్టెల్లోని ఎలుకల మీద బెంగగా ఉంది. ఎర్ర చీటీవి చిక్కిపోయాయి, అది అందరికీ తెలుసు. పసుపువి మాత్రం బొద్దుగా ఉన్నాయి, నా వేలు పట్టుకుని ఆడతాయి. కానీ వాటి కింద పరిచిన పొట్టు మార్చబోతే తడిసి ముద్దయి ఉంటోంది. ఎప్పుడు చూసినా నీళ్ళ సీసా దగ్గరే ఉంటాయి. మా ల్యాబు సారుకి చెప్పాను. "అవ్వా, పోయినేడు ఫ్యాను చప్పుడుకి ఎలుకలకి దిగులు పట్టిందన్నావు. నీ బెంగలకి కూడా ఒక రిజిస్టరు పెట్టాలి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను?

నువ్వు చదువుకున్నదానివి. ఒకసారి చూడు తల్లీ.

బెంగతో,
నీ పెద్దమ్మ


ప్రియమైన పెద్దమ్మా,

దగ్గు తగ్గింది. కిటికీ మూశాను. ఇంకేమైనా మూయాలా?

రంగుల అర్థం నీకు చెప్పకూడదు. చెబితే నీ కన్ను ఒక పెట్టె మీద జాలి చూపిస్తుంది. ఇంతమాత్రం చెబుతాను. అదే మందుని కొన్నిటికి తక్కువ, కొన్నిటికి ఎక్కువ ఇస్తాం, కొన్నిటికి అసలివ్వం. మోతాదు పెరిగితే ఏ మందైనా విషమే. ఎంతవరకు హాని కనిపించదో అక్కడ గీత గీసి, అందులో పదో వంతుతో మనుషులకి మొదలుపెడతాం. ఆ గీత తప్పయితే పైన కట్టిందంతా తప్పే.

నీ మాట మీద నీళ్ళ పుస్తకం తెప్పించి చూశాను. రోజూ పొద్దున సీసా తూచి రాసిన లెక్కలు అన్ని రంగులకీ ఒకేలా ఉన్నాయి. రక్తపరీక్షలూ బాగున్నాయి. నిశ్చింతగా ఉండు, అది నీకు చేతనయితే!

నీ పిచ్చుక


ప్రియమైన పిచ్చుకకి,

నీళ్ళ పుస్తకం చూశావా? అయితే నేనే పొరబడ్డానేమో. ముసలి కళ్ళు. వదిలెయ్యి. నేను రాసిన ఉత్తరం ఎవరికీ చూపించకు. చింపెయ్యి.

పెద్దమ్మ


ప్రియమైన పెద్దమ్మా,

పుట్టి బుద్ధెరిగాక నీ నోటివెంట "వదిలెయ్యి" అన్న మాట వినలేదు. ఇప్పుడు బెంగ నాకు పట్టుకుంది.

పైసోమవారం పదిమంది మా దగ్గరికి వస్తున్నారు. ఏ జబ్బూ లేనివాళ్ళు. వాళ్ళే ఈ మందు మొదట మింగే మనుషులు. అందులో ఒక టైలరు ఉన్నాడు. "సూదులకి భయపడను, బట్టలు కుట్టేవాణ్ణి కదా" అని సంతకం పెట్టాడు. నీకు తెలిసింది ఏదైనా ఉంటే ఆలోపు చెప్పు. నేను కోప్పడను.

నీ పిచ్చుక


పిచ్చుకా,

రెండు రోజులు అన్నం సహించలేదు. చెప్పేస్తున్నాను.

సాయంత్రం ఇంటికి పోయేముందు చూస్తే పసుపు పెట్టెల సీసాలు అడుగంటేవి. అవి ఖాళీ మూతిని నాకుతుంటే చూడలేకపోయాను. మళ్ళీ నింపేదాన్ని. ఆరు వారాలుగా. ఎక్కడా రాయలేదు. పొద్దున సీసాలు తూచే కుర్రది వచ్చేసరికి మిగతావాటిలాగే సగం ఉండేది. అందుకే నీ పుస్తకంలో అన్నీ ఒకేలా ఉన్నాయి. తాగినదాన్ని నేనే దాచాను.

నాకు దాహమొక్కటే తెలుసు. సీసా తూచేది ఎందుకో తెలుసుకోలేదు, అడగలేదు. ఈ ఉత్తరం అందరికీ చూపించు. ఉద్యోగం పోతే పోనీ. ఆ టైలరు పిల్లవాడికి మాత్రం ఇవ్వనివ్వకు.

పెద్దమ్మ


ప్రియమైన మా పిచ్చుకకి,

నువ్వు రాసిన ఉత్తరంలో "ఆపేశారు, దిగులు పడకు" అని ఒక్క ముక్కే ఉంది. మిగతాదంతా నిన్న సారు మా ఇంటికి వచ్చి చెప్పారు.

మీటింగులో ఇరవైమంది కూచున్నారట. "ఒక ముసలామె చేసిన తప్పు మీద ఇంత పని ఆపుతామా? ఎలుకల్ని కోసి చూసేదాకా నీ అభ్యంతరం ఆపుకోలేవా?" అని నిన్ను అడిగారట. నువ్వు లేచి, "ఆమె తప్పు చేసిందనే ఆమె మాట నమ్ముతున్నాను. కాగితం మీదున్నది అబద్ధమని తన మీదే చెప్పుకుంది. ఇక ఈ మోతాదుకి నేను సంతకం పెట్టను" అన్నావట. సంతకం లేకపోతే మందు కదలదట. "అప్పటికి రుజువు ఒక్కటీ లేదమ్మా, మీ అమ్మాయికి ఎంత గుండె!" అన్నారు సారు.

తరవాత చూస్తే పసుపు వాటి మూత్రపిండాల్లో సన్నటి గొట్టాలు దెబ్బతిన్నాయట, అందుకే అంత దాహమట. రక్తంలో ఇంకా తేలలేదు, నీళ్ళలోనే తేలింది. పసుపు మోతాదు దగ్గర గీసిన గీతని ఇంకా కిందకి దించి, పరీక్ష మళ్ళీ మొదటినుంచీ చేస్తారట. ఆ పసుపువి ఇక లేవు. దాన్ని గురించి రాయలేను.

నన్ను పదిహేను రోజులు రావద్దన్నారు. న్యాయమే. ఆ తరవాత వచ్చి కొత్తవాళ్ళకి పొట్టు తడి ఎలా చూడాలో నేర్పమన్నారు. "మొదటి పాఠం నేనే చెబుతాను సారూ, ఏం చేసినా రాయాలని" అన్నాను. సారు నవ్వలేదు. కాఫీ తాగి, లేస్తూ నాకు నమస్కారం పెట్టారు.

నీ పేరు చెప్పుకుని వీధిలో నాలుగిళ్ళకీ వెళ్ళొచ్చాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాకు మాత్రం కడుపు నిండింది.

అన్నట్టు, ఆ పదిమందినీ మందివ్వకుండానే వెనక్కి పంపారు కదా, అందరూ ఇళ్ళకి చేరారా? ఒక్కొక్కరినీ అడిగి రాయి. టైలరుని రెండుసార్లు అడుగు.

నిన్ను చూసి మురిసిపోతూ,
నీ పెద్దమ్మ