మిద్దె మీది మట్టి బస్తా

దానిష్, గుడ్లు ఉడకబెట్టిన, రొట్టెలు డబ్బాల ఉన్నయ్. ఉరికొచ్చి రాంగనే చల్లనీళ్లు తాగకు. నేను సారపాక డ్యూటీకి పోతున్న.

పొద్దున ఖబ్రస్తాన్ చూసుకునే ముస్తకీమ్ చాచా వచ్చిండు. వానకు మన అబ్బా గోరీ మళ్లీ కుంగిందట. పూడుద్దామంటే పక్కన పోసిపెట్టిన మట్టి లేదట. హైదరాబాద్ హాల్లో ఉరుకుతూ నడుమ నడుమ బస్తాలు మోసే నీ రేసు కోసం బస్తాల నింపుకున్నది ఆ మట్టే కదా? అక్కరలేక మిగిలింది అనుకున్నవేమో. గోరీ కుంగినప్పుడల్లా పోయనీకి ఉంచిన మట్టిరా అది.

బస్తా రోజురోజుకు బరువెక్కుతుందని నువ్వంటే నవ్విన. ఇయ్యాల నువ్వు ఉరకనీకి పోయినంక మిద్దె ఎక్కి నేనే లేపబోయిన. ఇంచు కూడా కదలలే.

పోయినసారి రేసుకు పోయి అబ్బా జనాజాకు భుజం ఇయ్యలే నువ్వు. అప్పుడు అక్కనై కూడా నేనేం అనలే, ఇప్పుడంటున్న. బస్తా గుమ్మం ముంగట ఉంది. బండి మీద వద్దు. భుజానెత్తుకొని ఖబ్రస్తాన్ దాకా నడిచే పో. నడుమల దించకు.

ఆపా

మర్చిపోయిన. బస్తాను మిద్దె మీద నుంచి గుమ్మం కాడికి తెచ్చింది నేను కాదు. ఇంట్ల ఇంకెవరూ లేరు.