బొటనవేలు ఆగిన క్షణం

అమ్మకు,

నీ చిన్నకొడుకు కుర్చీలోంచి లేవకుండా చేస్తున్న సాష్టాంగ నమస్కారం. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం. ఆచారాన్ని గౌరవించి రాశాను, నమ్మడం నీ ఇష్టం.

నీ ప్రశ్నలకు జవాబులు. వేళకే తింటున్నాను. జుట్టు కత్తిరించుకున్నాను. ఆస్పత్రిలో నేను వెలగబెట్టేదేమిటి అన్నావు. మనసు కుంగిపోయి తిండి కూడా మానేసినవాళ్లకు మత్తిచ్చి, తలకు కాస్త కరెంటు పెట్టి మూర్ఛ తెప్పిస్తారు. కంగారుపడకు, నొప్పి తెలియదు. ఒళ్లు కదలకుండా మందిస్తారు. ఒక్క పాదానికి మాత్రం ఆ మందు చేరకుండా చీలమండ పైన పట్టీ బిగిస్తారు. ఆ పాదం ఎంతసేపు అదిరిందో గడియారం పట్టుకుని కొలిచే మహాపండితుణ్ణి నేనే. నా వెనక ఒక యంత్రం మెదడు గీతలు చూసి తన లెక్క తను వేస్తుంది. అటు నేను తిరిగి చూడకూడదు, పరీక్షలో పక్కవాడి పేపరులాగ. మూర్ఛ మరీ పొట్టిదైతే వైద్యం పనిచేయదు. మరీ సాగితే ప్రమాదం, ఆపాలి.

మా ఇద్దరి లెక్కకూ ఎప్పుడూ పెద్ద తేడా రాదు. నిన్న వచ్చింది. బొటనవేలు ఆగగానే గడియారం మీట నొక్కి, "అయిపోయిందండీ" అన్నాను.

"ఎక్కడయ్యా అయింది? వేలు చూడు!" అన్నారు డాక్టరమ్మ.

మళ్లీ అదురుతోంది. యంత్రం గీతలూ ఆగలేదట.

"నిద్రపోతున్నావా?"

"లేదండీ. అయిపోవాలని చూస్తున్నాను."

ఆవిడ నా మొహం చూసి, మంచం మీది మొహం చూశారు. "ఇద్దరిదీ ఒకే ముక్కు. ఎవరయ్యా ఇతను?"

అమ్మా, "పెద్దాడు ఉత్తరం రాయడేం?" అన్న నీ ప్రశ్న దాటేశాను కదా. ఆ పాదం అన్నయ్యది. చాలా రోజులుగా అన్నం ముట్టడం లేదు. తనే సంతకం పెట్టి చేరాడు. "అమ్మకి చెప్పనని ఒట్టెయ్యరా" అంటే వేశాను. అన్నదమ్ములమని తెలిస్తే గదిలో ఉండనివ్వరని డాక్టరమ్మకూ చెప్పలేదు. నా నోటికి ఇంత క్రమశిక్షణ ఉందని నాకే తెలియదు.

మూర్ఛ దానంతటదే ఆగింది, భయం లేదు. నన్ను మాత్రం బయటికి పంపేశారు. "కొలిచేవాడికి కోరిక ఉండకూడదు. పక్కన కూర్చోవడానికి పనికొస్తావు, పో" అన్నారు.

కూర్చున్నాను. మెలకువ వచ్చాక కాసేపు మతిమరుపు ఉంటుంది, అదే తగ్గుతుంది. ఒట్టు మరిచిపోయాడు. నన్నూ మరిచిపోయాడు. అటూ ఇటూ చూసి, "మా అమ్మ ఏదండీ?" అన్నాడు.

పుట్టినప్పటినుంచీ నన్ను "ఒరేయ్" అన్నవాడు, "అండీ" అన్నాడమ్మా.

"దారిలో ఉంది" అని చెప్పేశాను. బయలుదేరు.

ఇట్లు,
నీ చిన్నాడు