తోడేళ్ల తెడ్డుపాట

పర్సీ బావగారికి,

సంతోషం పట్టలేక రాస్తున్నాను, భయంతోనూ రాస్తున్నాను. మీ మేనకోడలు, మా అమ్మాయి లవీనా పాఠాలు చెప్పే బడిలో మన పిల్లలూ తెల్లవాళ్ల పిల్లలూ కలిసి కూర్చుని మన నిస్గా తెగ మాటలు నేర్చుకుంటున్నారు బావా! సాల్మన్ చేపలను పొగలో ఎండబెట్టడం చూపించమని నన్నూ పిలిచారు.

ఆ ఆనందంలోనే ఒళ్లు మరిచాను. మీ చెల్లెలు బతికుండగా పడవలో పాడే తెడ్డుపాట ఎత్తుకున్నాను. పిల్లలు పట్టేశారు. శుక్రవారం పెద్దలందరి ముందూ పాడతారట. అది తల్లివైపు నుంచే దక్కే మీ తోడేలు వంశపు సొత్తు. గద్ద వంశం వాణ్ని, నేర్పడానికి నాకేం హక్కు? ఇంటిపెద్దగా మీరు లేచి "నేనిచ్చాను" అనకపోతే నిండు సభలో లవీనా తలదించుకోవాలి.

చిన్నప్పుడు మిమ్మల్ని తెల్లదొరలు ఇంటినుంచి లాక్కెళ్లి పెట్టిన బడిలో, ఈ పాట పాడినందుకే కొట్టారని తెలుసు. ఇక ఏ బడి గడపా తొక్కనని మీరు ఒట్టుపెట్టుకున్నారనీ తెలుసు. పిల్లలకు అదే చెప్పాను. టీగన్ అనే తెల్లపిల్ల లేచి, "ఆ తాతను లోపలికి రావద్దను. గేటు బయటే నిలబడమను, మేమే వచ్చి పాడతాం" అంది.

"వానొస్తేనో?" అన్నాను.

"తడుస్తాం! నీలా ముసలివాళ్లమా ఏంటి?"

కాళ్లు పట్టుకుంటాను బావా. వద్దంటే కబురు పెట్టండి, మాన్పిస్తాను. వస్తే మాత్రం గేటు దాకా చాలు, పెద్దలనూ అక్కడికే తీసుకొస్తాను. మీకు గొడుగు నేను పడతాను. పిల్లలు తమకొద్దన్నారు.

మీ చెల్లెలి మొగుడు