అమ్మ ఏడుపుకు లైసెన్సు

తమ్ముడూ,

ఎలా ఉన్నావని అడగబుద్ధి కావడం లేదు. ఇవాళ ఆఫీసులో బీమా కరపత్రానికి బొమ్మ కావాలని, ఫొటోలు అమ్మే సైట్లో "ఏడుస్తున్న వృద్ధురాలు" అని వెతికాను. మొదటి వరసలోనే అమ్మ! నాన్న పోయిన రోజు నువ్వు తీసిన ఫొటో, కింద నీ పేరు. లైసెన్సు కొన్నవాళ్ళు ఏ ప్రకటనకైనా వాడుకోవచ్చట. "భలే సహజంగా ఉందండీ, ఇదే పెట్టేద్దాం" అన్నాడు మా మేనేజరు.

అమ్మ ఒప్పుకుని సంతకం పెట్టిందని కూడా ఉంది. కళ్ళజోడు లేకుండా ఆవిడకి అక్షరం కనబడదని తెలిసే పెట్టించావు కదూ? ఛీ! ఇవాళే తీసెయ్ దాన్ని.

వెతికేవాళ్ళ కోసం ఫొటో కింద "ఒంటరి" అని రాశావు. ఆ మాట సరిపోవాలని, అమ్మ భుజం మీదున్న నా చేతిని కత్తిరించేశావు.

అక్క