మధ్యాహ్నం మూసిన కిటికీలు

మంగళవారం, రాత్రి

మతిమరుపు జబ్బు మెదడులోని రాత్రీపగలు లెక్కనే చెరిపేస్తుందనీ, పగలంతా వెలుతురులో మేలుకోబెట్టాలనీ డాక్టరూ చెప్పాడు, పుస్తకాలూ చెప్పాయి. పొద్దుటిపూట ఆ జబ్బున్న నా భార్య ఈరమ్మతో వాకిట్లో నేను కూర్చుంటాను. మధ్యాహ్నాలకు నా చెల్లెలు సుంకమ్మను నమ్మాను.

ఈరోజు లైబ్రరీ మూసి ఉండి తొందరగా తిరిగొస్తే, కిటికీలన్నీ మూసి ఇద్దరూ గుర్రు పెడుతున్నారు.

"వదిన మేలుకోనుంటే నన్ను రోంతసేపన్నా పండుకోనీదన్నా. ఉగాది కాడ్నుంచి ఇంతే," అంది సుంకమ్మ సిగ్గు లేకుండా. "నీ పుస్తకాలకేం తెలుసు?"

నిన్న రాత్రి రెండింటికి ఈరమ్మ లేచి టమోటా మార్కెట్టుకు పోదామంటే, నన్ను సాధించడానికే లేస్తున్నావని చెంప మీద కొట్టాను.

సుంకమ్మను రేపే పంపేస్తాను.

కొట్టిన సంగతి ఈరమ్మకు గుర్తులేదు. ఇప్పుడూ తల దువ్వుకుని వచ్చి, ఆ చేతినే రాయనీయకుండా లాగుతోంది. "పొద్దయితాండాది, లెయ్యి, పోదాం."