సోమవారం కూర

బోధన్,
9-9-1987

నిజామాబాద్‌లో మెస్ నడుపుతున్న సుమిత్రమ్మ గారికి, బోధన్ నుండి రాధాబాయి నమస్కరించి రాయునది.

మనకు ముఖపరిచయం లేదు. మీ దగ్గర రెండు పూటలా తింటున్న కరెంటాఫీసు ఆత్మారాం నా తమ్ముడు. నలుగురిలో నేను పెద్దదాన్ని, వాడు ఆఖరువాడు. మరదలు కాన్పుకు పుట్టింటికి పోయినందున మీ ఇంటి అన్నం మీద పడ్డాడు.

వానాకాలంలో వానికి కామెర్లు వచ్చినాయి. కళ్ళు పసుపు ముద్దలయినాయి. కందకుర్తిలో గోదావరి నీళ్ళలో నిలబడి మొక్కుకున్నాను. వాడు లేచి తిరిగితే పదకొండు సోమవారాలు ఒక్కపొద్దు ఉంటానని, పొద్దు గూకి దీపం పెట్టినాకనే అన్నం ముడతానని. ఆ పదకొండు వారాలు వాడు కూర ముట్టరాదు. ముడితే నా లెక్క మళ్ళీ మొదటి నుండి. మొన్నటిది మొదటి సోమవారం.

వానికి నాలుక మీద అదుపు లేదు. మీరు కనిపెట్టుకొని ఉండవలెను.

మీ మేలు కోరుతూ,
రాధాబాయి

తా.క.: వాడు ఏడ్చినా పెట్టకండి. ఏడుపు వానికి సులువుగా వస్తుంది.

*

నిజామాబాద్,
16-9-1987

రాధాబాయి గారికి సుమిత్రమ్మ నమస్కారాలు.

మీ కార్డు అందింది. చదివి మావారికి వినిపించాను. తెనాలి నుంచి మేం ఈ ఊరొచ్చి ఏడు నెలలే అయింది, ఇక్కడి మొక్కులు మాకు తెలియవు. అయినా కూర ముట్టకూడదనే మొక్కేమిటండీ? కామెర్ల నుంచి లేచిన మనిషికి కూరే కదా బలం! మీ తమ్ముడు వచ్చిన రోజున చీపురుపుల్లలా ఉన్నాడు. ఇప్పుడు బుగ్గలొచ్చాయి.

మా మెస్సులో రోజూ రెండు కూరలు. ఒకటి ఇగురు, ఒకటి వేపుడు. బజారు సరుకు కాదు, మా పెరట్లో మా చేతుల్తో పెంచుకున్నవే. లేతవి చూసి పొద్దున్నే మా అత్తగారు స్వయంగా కోస్తారు. ఆవిడకి డెబ్భై ఏళ్ళు, చేతులు వణుకుతాయి. అయినా కత్తిపీట ఇంకొకరికి ఇవ్వరు. మీరు గుండె మీద చెయ్యేసుకుని ఉండండి.

మీ తమ్ముడి ఆకలికి పూచీ నాదంటూ,
సుమిత్రమ్మ

తా.క.: మా గోడ క్యాలెండర్‌లో సోమవారాలకి మీ తమ్ముడు సున్నాలు చుడుతున్నాడు. రెండయ్యాయి. ఎందుకని అడిగితే నవ్వుతాడు.

*

బోధన్,
22-9-1987

సుమిత్రమ్మ గారికి, రాధాబాయి రాయునది.

మీ ఉత్తరం దేవుని పటాల ముందు పెట్టి, మనసు కుదుటపడినాక రాద్దామని కూర్చున్నాను. కుదుటపడలేదు. అట్లనే రాస్తున్నాను.

రోజూ రెండు కూరలా? మా ఇంట్లో కూర ఆదివారం ఒక్కపూటే. ఆశన్న కోసేదే ఆ రోజు. మీ అత్తగారికి డెబ్భై ఏళ్ళంటున్నారు. ఆ వయసులో పొద్దున లేచి చేయవలసిన పని అదేనా? చేతులతో పెంచి, లేతవి చూసి కోస్తామని రాయడానికి మీకు కలం ఎట్ల కదిలింది?

మూడు సోమవారాలు ఉన్నాను. మూడూ గంగపాలు. మళ్ళీ మొదటి నుండి. తమ్మునికి రాస్తే, ముట్టలేదు, దేవుని మీద ఒట్టు అని జవాబిచ్చిండు. వాని ఒట్లు నాకు చిన్నప్పటి నుండి ఎరుకే.

కూర బంద్ చేయండి.

ఓపిక ఇమ్మని దేవుణ్ణి అడుగుతూ,
రాధాబాయి

తా.క.: మీ ఉత్తరం విని మా పక్కింటి రాములవ్వ, "పెంచి పెంచి కోస్తరా బాయీ! గుండెనా, బండనా అది?" అని కండ్లనీళ్ళు పెట్టుకున్నది.

*

నిజామాబాద్,
30-9-1987

రాధాబాయి గారికి,

కోపం వస్తే నాకు కార్డు చాలదు, అందుకే ఇన్‌లాండ్ కవరు కొన్నాను.

ఆశన్న ఎవరో, ఆదివారమే ఎందుకు కోస్తాడో నాకు అనవసరం. వారానికి ఒక్కపూట కూర వండుకునే ఇంటి గురించి ఇప్పుడే వింటున్నాను. మిగతా ఆరు రోజులూ ఏం తింటారండీ, అన్నంలో నీళ్ళు పోసుకునా? మీ మాటలకి మా అత్తగారు రెండు రోజులు కత్తిపీట ముట్టలేదు. లేతవి కాకపోతే ముదిరినవి కోయమంటారా? ముదిరినవి మేం గేదెలకి పడేస్తాం.

అయినా పెద్దావిడ మాట తోసెయ్యడం ఎందుకని మొన్న సోమవారం మీ తమ్ముడికి కూర ఆపేశాను. ముద్దపప్పు వేసి, మజ్జిగ పోశాను. విస్తరి ముందు కూర్చుని, చుట్టూ అందరి విస్తళ్ళూ చూసి, అర్ధాకలితో లేచిపోయాడు. నిన్న మధ్యాహ్నం అసలు రాలేదు. స్టేషన్ దగ్గర హోటల్లో పూరీ, కూర తింటూ మావారి కంటపడ్డాడు. కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాడట! ఇంటి తిండి తినే మనిషిని హోటలు పాలు చేసింది మీరు. నేను కాదు.

మంచి చేసినా మాట పడుతున్న,
సుమిత్రమ్మ

తా.క.: సున్నాలు నాలుగయ్యాయి. ఆకలితో ఉన్న రోజు కూడా చుట్టాడు.

*

బోధన్,
7-10-1987

సుమిత్రమ్మకు,

మీ ఉత్తరం చదివి చేతులు కడుక్కున్నాను.

గేదెలకు పెడతారా? నోరు లేనివాటి చేత కూడా తినిపిస్తారా? తమ్ముడు హోటల్లో తిన్నందుకు రెండు సోమవారాలు మళ్ళీ పోయినాయి. నా ఒంట్లో ఓపిక కూడా వాటితోనే పోతున్నది.

కార్తీకం వస్తున్నది. ఆ నెల అయినా మీ పొయ్యి మీద కూర ఎక్కనీయకండి. మనుషులకు కాకున్నా శివునికి భయపడండి.

రాధాబాయి

తా.క.: కోపంలో రాస్తున్నానని అనుకోవద్దు. రెండుసార్లు జపం చేసి రాస్తున్నాను. మొదటిసారి రాసింది చింపేసినాను.

*

నిజామాబాద్,
10-11-1987

రాధాబాయి గారికి,

నెల రోజులు నోరు మూసుకున్నాను. ఈలోగా మీ నుంచి నాలుగు కార్డులు వచ్చాయి. నాలుగింటిలోనూ రెండే మాటలు. "కూర బంద్." పోస్ట్‌మ్యాన్ కూడా చదివేసి, "ఇయ్యాల గూడ గదే అమ్మా" అని చేతిలో పెట్టి పోతున్నాడు.

ఇక వినండి. కార్తీక సోమవారమైనా మా ఇంట కూర తప్పదు. మావారు తెల్లారకుండా స్నానం చేసి, శివుడికి అభిషేకం చేసి, ఆ కూరే నైవేద్యం పెట్టి, తరవాతే మెస్సు తలుపు తీస్తారు. నిన్న మీ తమ్ముడు ప్రసాదమని కళ్ళకద్దుకుని మూడుసార్లు వేయించుకున్నాడు. నమ్మకం లేకపోతే బస్సెక్కి వచ్చి మీ కళ్ళతో చూసుకోండి.

తలుపు తెరిచే ఉంచిన,
సుమిత్రమ్మ

తా.క.: సున్నాలు పది. కార్తీకం వెళ్ళాక ఆదివారం, అంటే ఇరవై రెండో తారీకు మధ్యాహ్నం, తనకి భోజనం వద్దన్నాడు. స్నేహితుడు రామ్‌దాస్‌తో బయట తింటాడట. ఆ మాట చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

*

బోధన్,
17-11-1987

సుమిత్రమ్మ గారికి, రాధాబాయి నమస్కరించి రాయునది.

నిన్న మీ మెస్సులో తలుపు పక్కన ఇద్దరు ఆడవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని కూర్చున్నారు. పొడుగు మనిషి నేను, పొట్టిది రాములవ్వ. మీరు వంటింట్లో ఉన్నారు. తగవుకే వచ్చాను. మిమ్మల్ని ఏమేం అనాలో బస్సులో జపంలాగా అనుకుంటూ వచ్చాను. "శివునికి కూర వెట్టుడేంది బాయీ! పోచమ్మకు వెడ్తరు గని" అని దారి పొడుగునా రాములవ్వ అందిస్తూనే ఉన్నది.

మీవారు విభూతి రేఖలతో గిన్నె పట్టుకొని వచ్చారు.

"కూర వెయ్యమంటారా అండీ?"

"ఏది, సూపియ్యుండ్రి" అన్నది రాములవ్వ.

ఆయన గిన్నె వంచారు. దొండకాయలు.

"గిది కాదు సారూ. కూర తెండ్రి."

"ఇదే కూరండి."

"మరి రెండో కూర?"

"వంకాయ."

"గిది దొండకాయ, గది వంకాయ. ఇగ కూర ఏదుండ్రి?"

మీవారు మమ్మల్ని జాలిగా చూసి, ఇంకో గరిటె దొండకాయ వేసి పోయారు. పెరటి తలుపులోంచి పందిరి కనిపించింది. దాని నిండా లేత దొండకాయలు. కింద కత్తిపీట ముందు మీ అత్తగారు.

సుమిత్రమ్మ గారూ, మా దిక్కు ఉత్త కూర అంటే మాంసం, ఆశన్న ఆదివారం కోసే మేక. మిగిలినవాటిని వాటి పేరుతోనే పిలుస్తాం. రెండు నెలలు నేను ఒకటి రాసినాను, మీరు ఇంకొకటి చదివినారు.

అంత కోపం ఒక్కసారి దిగిపోతే దాని జాగాలో ఆకలి వచ్చి కూర్చుంటుందని నాకు తెలియదు. అన్నం ఎప్పుడు కలిపినానో తెలియదు. మూడోసారి వేయించుకుంటుంటే రాములవ్వ నా చేయి పట్టుకున్నది.

"బాయీ, ఇయ్యాల ఏం వారం?"

చేయి కడుక్కునే చోట ఎదురుగా మీ క్యాలెండర్. తమ్ముడు మాంసం ముట్టనే లేదు గనుక వాని సున్నాలే అసలు లెక్క. పదకొండోది అప్పటికే చుట్టి ఉన్నది. నిన్న సాయంత్రం దీపం పెట్టి తిని ఉంటే మొక్కు తీరేది. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నది నేను.

మళ్ళీ మొదటి నుండి.

మీ అత్తగారికి నా దండం చెప్పండి. దొండకాయ బాగున్నది.

రాధాబాయి

తా.క.: నేను తిన్న సంగతి తమ్మునికి చెప్పవద్దు. క్యాలెండర్ గోడ మీంచి తీసేయండి. ఎందుకని అడిగితే హోటల్లో తిన్న పూరీ గుర్తు చేయండి. ఆదివారం రామ్‌దాస్‌తో తినబోయేది మా దిక్కు కూరే, వాణ్ణి బయటికి పోనీయకుండా మీ దగ్గరే కూర్చోబెట్టి పెట్టండి. రెండు కూరలు.